మేడం జెల్ ఎవరు చదవాలి

ఇవాళ పొద్దున మా ల్యాబ్‌లో అగరోజ్ పొంగింది. సముద్రపు నాచులోంచి తీసే తెల్లటి పొడి అది. నీళ్ళలో కలిపి మరిగించి, ట్రేలో పోసి చల్లారిస్తే బిళ్ళలా గడ్డకడుతుంది. దాన్నే మేము జెల్ అంటాం. దగ్గర నిలబడి కనిపెట్టుకుని ఉండకపోతే పాలలాగే పొంగి పొర్లుతుంది. పొంగి, మాడి, గంజి అడుగంటిన వాసన గదంతా నిండింది. ఆదిలాబాద్‌లో ఇది పత్తి కాలం. కిటికీ తీస్తే జిన్నింగు మిల్లుల దూది నూగు లోపలికొస్తుంది, తీయకపోతే ఈ వాసన పోదు. నేను తీయలేదు. ఆ వాసనలో కాసేపు అలాగే నిలబడ్డాను. ప్రమీల మేడం ఉండి ఉంటే, "ఎవతే అది పొంగబెట్టింది? అత్తగారింట్ల పాలు సుత గిట్లనే పొంగిస్తవా?" అని కింద రోడ్డు మీది వాళ్ళకు కూడా వినపడేలా కేక పెట్టేది.

ఆమె గురించి మీరెవరూ విని ఉండరు. కరీంనగర్‌లో ఒక మందుల దుకాణం పైన మూడు గదుల్లో ఆమె ల్యాబ్ ఉండేది. చుట్టుపక్కల దవాఖానల నుంచి రక్తం సీసాలు వచ్చేవి. రక్తం గడ్డకట్టని పిల్లలవి, ఒంటికి రక్తం పట్టని పిల్లలవి, ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు ఎందుకు మంచాన పడుతున్నారో తెలియని వాళ్ళవి. ఆ రక్తంలోంచి డీఎన్ఏ తీసి తప్పెక్కడుందో వెతకడం మా పని. మేడంది జమ్మికుంట. పొట్టి మనిషి, పెద్ద గొంతు, నేత చీర, చీర మీద ఎప్పుడూ ఏదో ఒక మరక. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "యాదిమర్చిన" అనేది. నేను ఆమె దగ్గర చేరిన మొదటి మనిషిని. ఈ ముక్క ఎవరు అడిగినా అడక్కపోయినా చెబుతుంటాను. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని మర్చిపోకుండా ఉండాలని.

మాది గోదావరిఖని. బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. ఎమ్మెస్సీ అయ్యాక ఉద్యోగం కోసం మేడం దగ్గరకు పోయాను. మార్కులు అడుగుతుందని అన్నీ బట్టీపట్టి పోయాను. ఆమె నా కాగితాలు పక్కన పడేసి, గ్లాసులోని చాయ్ సాసర్‌లో పోసుకుంటూ, "నీకు ఎవల మీదన్న కుళ్ళున్నదా?" అంది.

"లేదు మేడం," అన్నాను. ఇంకేమంటాను?

"ఉత్త అబద్ధం. సరే తియ్, లేకుంటె లేదు. ఇక్కడ పని చేసినంక అదే వస్తది," అంది. రేపటి నుంచి రమ్మంది. మెట్లు దిగుతూ, ఈమెకు కొంచెం తిక్క ఉన్నట్టుంది అనుకున్నాను. ఆ తిక్కే నన్ను ఇన్నేళ్ళు నడిపించింది.

ఆ ల్యాబ్‌లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి జెల్ వాళ్ళు చదవకూడదు. జెల్ చదవడమంటే, డీఎన్ఏ ముక్కల్ని ఆ బిళ్ళలో ఒక చివర పెట్టి కరెంటు ఇస్తాం. చిన్న ముక్కలు త్వరగా కిందికి పరుగెడతాయి, పెద్దవి పైనే ఆగిపోతాయి. నీలికాంతి పెట్టె మీద పెట్టి చూస్తే అవి సన్నటి గీతలుగా మెరుస్తాయి. గీత ఎక్కడుంది, ఉందా లేదా, ఒకటా రెండా, అదే మా చదువు. అందులో ఒక మనిషి బతుకు ఉంటుంది. జెల్ పెట్టినవాళ్ళు ఫొటో తీసి పక్కవాళ్ళ చేతికివ్వాలి, వాళ్ళే చదివి చెప్పాలి. ఎందుకిట్లా అని మొదటి వారంలోనే అడిగాను.

"మా బాపు జమ్మికుంట యార్డ్‌ల పత్తి చూసేటోడు," అంది మేడం. "కుప్పల చెయ్యివెట్టి గుప్పెడు గుంజి, పోగు ఎంత పొడుగున్నదో చెప్పేటోడు. పత్తి తెచ్చిన రైతు కూడ మంచిగనే చూస్తడు గని, ఆయినకు తన పత్తి ఎప్పుడైన తెల్లగనే కనవడ్తది. పాపం, అబద్ధమాడడు. నిజంగనే తెల్లగ కనవడ్తది. గందుకె వేరేటోళ్ళు చూడాలె."

అప్పుడు ల్యాబ్‌లో ఉన్నది మేమిద్దరమే. నా జెల్ మేడం చదివేది, మేడం జెల్ నేను చదివేదాన్ని. అంత చదువుకున్న మనిషి, తను చేసిన పని నా చేతికిచ్చి, చేతులు కట్టుకుని, "ఏమంటవ్ స్వరూపా?" అని ఎదురుగా నిలబడేది. ఆ మాట వినడానికే నేను పొద్దున్నే గోదావరిఖనిలో బస్సెక్కి వచ్చేదాన్ని. గదికి కిరాయి కట్టి కరీంనగర్‌లోనే ఉందామని నిర్ణయించుకున్నదీ అందుకే. మా అవ్వ, అంటే అమ్మ, అడిగితే మాత్రం బస్సులో వాంతులవుతున్నాయని చెప్పాను.

మేడం ప్రాణమంతా ఒక్క విషయం మీద ఉండేది. మన డీఎన్ఏ అంతా మన పనికొచ్చే రాతే అనుకుంటాం. కాదు. అందులో సగానికి దగ్గర, ఎప్పుడో ఒకచోటి నుంచి ఇంకోచోటికి నకళ్ళు పంపుకుని అతుక్కుపోయిన ముక్కలే. మేడం వాటిని దుంకుడు ముక్కలు అనేది. వాటిలో ఒక రకం పేరు ఆలూ. పేరు వినగానే నాకు నవ్వొచ్చింది.

"ఆలుగడ్డ కాదు పిల్లా, నవ్వకు. మన ఒంట్ల ఒక్కొక్క కణంల పది లక్షల కంటె ఎక్కువనే ఉన్నయి. శాన మట్టుకు గమ్మున పడుకున్నయే. గని ఎన్నడో ఒకటి లేచి పోయి, పనిజేసే జన్యువు నడుమల కూసుంటది. ఇగ ఆ జన్యువు పని ఖతం. ఇంకో తీరు లొల్లి సుత ఉన్నది. అన్నీ ఒక్కతీరుగ ఉంటయి కదా, అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు కణం పరేషాన్ అయితది. ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటది. రెంటి నడుమ ఉన్నదంత ఎగిరిపోతది."

మా గోదావరిఖని క్వార్టర్లు గుర్తొచ్చి నేను బాపు కథ చెప్పాను. కంపెనీ క్వార్టర్లు వరుసలు వరుసలుగా, అన్నీ ఒకే అచ్చు, ఒకే సున్నం. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు వాటిలో ఉంటారు. ఒకరోజు బాపు షిఫ్టు దిగి అలసటతో వచ్చి, మా ఇల్లనుకుని రెండు వరుసల ముందే ఒక ఇంట్లోకి పోయి, చెప్పులు విడిచి, "జర నీళ్ళియ్యే" అన్నాడట. ఆ ఇంటామె ఒడిషా నుంచి వచ్చిన మనిషి, భయపడి చెంబు ఎత్తింది. మేడం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "గంతే! ఆ కణం సుత మీ బాపు లెక్కనే. నడుమల రెండు వరుసల ఇండ్లు మాయం!" అంది. తర్వాత ఎవరొచ్చినా, డాక్టర్లొచ్చినా, కాలేజీ పిల్లలొచ్చినా, "మా స్వరూప వాళ్ళ బాపు ఏం జేసిండో ఎర్కేనా" అని ఆ కథతోనే మొదలుపెట్టేది. మా స్వరూప అనడం నాకు బాగుండేది.

అట్లా రెండేళ్ళు నడిచాక నస్రీన్ వచ్చింది.

ఆదిలాబాద్ పిల్ల. వాళ్ళ నాన్నకు అక్కడ బట్టల దుకాణం. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ గలగలా మాట్లాడేది. మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చిన తల్లులు నా తెలుగుకు బిక్కమొహం వేసుకుని కూర్చునేవాళ్ళు. నస్రీన్ వచ్చి వాళ్ళ పక్కన చతికిలబడి మరాఠీలో నాలుగు మాటలు అనగానే కొంగులు సర్దుకుని కథలన్నీ చెప్పేసేవాళ్ళు. చెయ్యి కూడా మంచిదే. ఆమె జెల్‌లో గీతలు తీగ లాగినట్టు తిన్నగా వచ్చేవి. పైగా పొద్దున రాగానే, "స్వరూపక్కా, చాయ్ తాగినవా?" అని అడిగేది. ఆ అక్కా అనే పిలుపు విన్నా నాకు ఒళ్ళు మండేది. మంచిపిల్ల మీద కుళ్ళుకోవడంలో ఉన్న కష్టం ఏమిటంటే, మనకు తిట్టడానికి ఒక్క కారణమూ దొరకదు.

ఆమె వచ్చిన నెలలోపే మేడం కొత్త ఏర్పాటు చేసింది. నస్రీన్ జెల్ నేను చదవాలి, నా జెల్ నస్రీన్ చదవాలి. బాగానే ఉంది. మరి మేడం జెల్? ఆరోజు మేడం ఫొటో పట్టుకుని గదిలోంచి వచ్చింది. నేను అలవాటుగా చెయ్యి చాచాను. ఆమె నన్ను దాటుకుని పోయి నస్రీన్ చేతిలో పెట్టింది. "ఏమంటవ్ నస్రీన్?" అంది, చేతులు కట్టుకుని.

చాచిన చెయ్యి ఏంచేయాలో తెలియక బల్ల మీది గుడ్డ తీసి బల్ల తుడిచాను. రేపు నాకిస్తుందిలే అనుకున్నాను. ఇవ్వలేదు. ఎల్లుండీ ఇవ్వలేదు. అడుగుదామంటే అభిమానం అడ్డొచ్చింది. మా ఇంట్లో అవ్వ తమ్ముడికి మీగడ పెట్టి నాకు మజ్జిగ పోసినప్పుడు కూడా నాకంత మంట కలగలేదు.

నేను మూతి ముడుచుకుని తిరగడం మేడం చూడకపోలేదు. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టింది. "నీకు నస్రీన్ అంటె కుళ్ళు. అబద్ధమాడకు, నీ ముక్కే చెప్తది."

నా చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది.

"ఉండని. మంచిదే. గందుకె ఆమె జెల్ నీకిస్తున్న. ఆవగింజంత తప్పున్నా నువ్వు ఇడిసిపెట్టవు. నాకు సుత చదువుకునేటప్పుడు ఒకామె మీద ఉండె. ఆమె రాసింది చదివి చదివి తప్పులు పట్టుకుంటనే నేను ఇంత నేర్చుకున్న. కుళ్ళుండుడు తప్పు గాదు. దానితోని పని చేయించుకోకపోతె తప్పు."

నా కుళ్ళుకు కారణం తనే అని ఆమెకు తెలుసా? నాకు ఆమె జెల్ కావాలి. నస్రీన్‌ది కాదు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మా ఇద్దరికీ అసలు పరీక్ష రజిత వచ్చినప్పుడు జరిగింది. జమ్మికుంట దగ్గరి ఊరామె, కాన్పుకు నెల కూడా లేదు. వాళ్ళ అక్క కొడుక్కు రక్తం గడ్డకట్టని జబ్బు ఉందని, రక్తం గడ్డకట్టించే జన్యువు మధ్యలో ఒక దుంకుడు ముక్క పోయి కూర్చుందని మేడం అంతకు ముందే కనిపెట్టింది. రజిత తమ్ముడు కూడా చిన్నప్పుడు పన్ను పీకించుకుని రక్తం ఆగక చనిపోయాడు. ఈ జబ్బు ఆడవాళ్ళలో సాధారణంగా బయటపడదు. వాళ్ళకు ఆ జన్యువు రెండు కాపీలు ఉంటాయి కాబట్టి ఒకటి చెడితే ఇంకోటి కాపాడుతుంది. మగవాళ్ళకు ఉండేది ఒక్కటే. కానీ చెడ్డది కడుపున పుట్టిన మగపిల్లవాడికి పోవచ్చు. రజిత దగ్గర ఆ చెడ్డ కాపీ ఉందా అన్నదే ప్రశ్న. ఉంటే కాన్పులో బిడ్డ తలకు పరికరాలు పెట్టి లాగకూడదు, పుట్టగానే కండకు సూది వేయకూడదు, బొడ్డుతాడు రక్తం ముందు పరీక్షించాలి. లేదంటే అందరిలాగే కాన్పు. మేము చెప్పేదాన్ని బట్టి డాక్టరమ్మ నడుచుకుంటుంది.

జెల్ నస్రీన్ పెట్టింది. ముక్క దూరిన కాపీ పెద్దది కాబట్టి దాని గీత పైన ఉంటుంది, మామూలుది కింద ఉంటుంది. జబ్బున్న పిల్లవాడికి పైన ఒక్క గీత. మామూలు మనిషికి కింద ఒక్క గీత. రజితకు చెడ్డ కాపీ ఉంటే రెండూ కనిపించాలి. కింద ఒక్కటే ఉంది. చక్కగా, నిండుగా. బయట బెంచీ మీద రజిత, వాళ్ళాయన కూర్చుని ఉన్నారు. నస్రీన్ మొహం వెలిగిపోతోంది. "మంచి ఖబర్ అక్కా. జర జల్దీ చదువు, పాపం ఆమె పొద్దుటిసంది నీళ్ళు సుత తాగలే," అంది.

నేను చదవడానికి కూర్చున్నాను. ఒక్క వంక కోసం కళ్ళు పోయేలా వెతికాను. ఎక్కడా మసకలేదు, వంకరలేదు. దిష్టి తగిలేంత శుభ్రమైన జెల్. ఇంక సరే అని సంతకం పెట్టబోతూ కూడా మనసొప్పలేదు. అప్పుడు తట్టింది.

"వీళ్ళక్కది ఏదే?"

"ఎవలది? పిలగాని తల్లిదా? ఆమె సంగతి తెల్సిందే కదక్కా. తమ్ముడు పోయిండు, కొడుక్కున్నది. ఆమెకు ఉన్నట్టే. ఇగ చూసుడెందుకు?"

"తెలిసిందే గాబట్టి చూడు. తెలిసినదాన్ని చూపెట్టని జెల్ తెలవనిదాన్ని ఏం చూపెడ్తది?"

నస్రీన్‌కు కోపం వచ్చింది. ముక్కు ఎర్రబడింది. అయినా మేడం కట్టుబాటు ప్రకారం చదివేవాళ్ళ మాట వినాలి. అక్క డీఎన్ఏ ఫ్రీజర్‌లోనే ఉంది. తీసి అదే పద్ధతిలో నడిపింది. మధ్యాహ్నానికి ఫొటో వచ్చింది. చెడ్డ కాపీ ఖచ్చితంగా ఉండాల్సిన ఆ అక్కకూ కింద ఒక్క గీతే. పైన ఏమీ లేదు.

అంటే మా పరీక్షే గుడ్డిది. మేము డీఎన్ఏను చూసే ముందు దానికి కోట్ల నకళ్ళు తీస్తాం. చిన్న ముక్క తొందరగా నకలవుతుంది. పెద్దదాని వంతు వచ్చేసరికి సరుకంతా చిన్నదే తినేస్తుంది, బంతిలో ముందు కూర్చున్నవాళ్ళు గిన్నెలు ఖాళీ చేసినట్టు. పిల్లవాడికి ఒక్క కాపీయే కాబట్టి పోటీ లేదు, పెద్దది కనిపించింది. ఆడవాళ్ళలో రెండూ ఉంటే పెద్దది మాయం. రజితకు లేదని మేము చెప్పబోయిన మాటకు విలువే లేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు బెంచీ మీది రజిత గుర్తు రాలేదు. నస్రీన్ మొహం ఎలా వాడిపోయిందో చూశాను. మేడం దగ్గరకు ఫొటో పట్టుకుని దాదాపు పరుగెత్తాను.

మేడం ఫొటోలు రెండూ చూసింది. "ఊ," అంది. అంతే! శభాష్ లేదు, ఏమీ లేదు. నస్రీన్ వైపు తిరిగి, "మరి ఇప్పుడెట్ల?" అని అడిగింది.

నస్రీన్ చున్నీతో కళ్ళు తుడుచుకుంది. "మేడం," అంది, "నకలు యాడికెల్లి మొదలైతదో మనమే చెప్తం కదా. ఒక ప్రైమర్ బయట పెట్టి, ఇంకోటి ఆ దుంకుడు ముక్క లోపల్నే పెడ్దాం. అప్పుడు ముక్క ఉంటెనె గీత వస్తది. లేకుంటె ఏం రాదు. చిన్నదానికి తినేందుకు ఛాన్సే ఉండది."

అంత సులువైన మాట! నాకెందుకు రాలేదు? గుడ్డిదని పట్టుకున్నది నేను, కళ్ళిచ్చింది ఆమె. ప్రైమర్లు అంటే నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపించే చిన్న తునకలు. అవి తెప్పించడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజులన్నీ రజిత కాన్పు రాకూడదని ముగ్గురం భయపడుతూనే ఉన్నాం. వచ్చాక నడిపితే మామూలు మనిషికి గీత రాలేదు, పిల్లవాడికి వచ్చింది, వాళ్ళమ్మకు వచ్చింది, రజితకూ వచ్చింది.

మేడమే బెంచీ దగ్గరకు పోయి రజిత పక్కన కూర్చుంది. "బిడ్డా, నీకు సుత ఉన్నది. ఏడ్వకు. ముందుగల తెలిసింది, గదే మనకు కావాలె. డాక్టరమ్మతోని నేను మాట్లాడుత. ఏడికి పోయినా గీ కాయితం చూపెట్టు." రజిత ఏడవలేదు. "మా తమ్మునప్పుడు గిది తెల్వకపాయె మేడం," అంది. మగపిల్లవాడు పుట్టాడు. జబ్బు ఉంది. కానీ అన్నీ జాగ్రత్తగా చేసినందుకు తలకు దెబ్బ లేకుండా, రక్తస్రావం లేకుండా బయటపడ్డాడు. వాడిప్పుడు బడికి పోతున్నాడు, మందు వేళకు పడుతోంది.

ఆ కబురు తెలిసిన సాయంత్రం మేడం మిర్చి బజ్జీలు తెప్పించింది. ప్లేటు ముందు పెట్టుకుని తినకుండా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాకు మీ ఇద్దరి మీద కుళ్ళుగ ఉన్నదే," అంది. "అక్కది చూడాలని నాకెందుకు తట్టలే? ముక్క లోపల్కి పోవాలని నాకెందుకు తట్టలే? ఇన్నేండ్లసంది ఏం పీకుతున్న నేను?" అని పకపకా నవ్వి బజ్జీ కొరికింది. పెద్దవాళ్ళు ఆ మాట అంత బాహాటంగా అనడం నేను అంతకుముందు వినలేదు. నస్రీన్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొదటిసారి కలిసి నవ్వాం. ఇక రేపటి నుంచి నా చోటు నాకు వస్తుంది అని మనసులో అనుకున్నాను.

మర్నాడు మేడం తన జెల్ ఫొటో తీసుకొచ్చి, మళ్ళీ నస్రీన్‌కే ఇచ్చింది. నేను బాత్రూంలోకి పోయి నల్లా విప్పి ఏడ్చాను.

తర్వాత కొన్నేళ్ళకు మేడంకు రొమ్ములో గడ్డ వచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది, మందులు ఎక్కించారు, జుట్టు ఊడింది. వాళ్ళక్క కూడా ఇదే జబ్బుతో పోయింది. ఆ అక్క బిడ్డ నిర్మల్‌లో సంసారం చేసుకుంటోంది, ఇద్దరు చిన్నపిల్లలు. ఇది ఇంటి రక్తంలో వచ్చేదా కాదా తేలితే ఆ పిల్లను ముందే కాపాడుకోవచ్చు. మేడం రక్తం పెద్ద ల్యాబ్‌కు పంపితే, తప్పేమీ దొరకలేదని రాసి పంపారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. మేడం నమ్మలేదు.

"వాళ్ళు అక్షరం అక్షరం చదివిండ్రు," అంది. "ఉన్న అక్షరాలు చదివితే పోయిన పేజీ ఎట్ల తెలుస్తది? ఇంకో కాపీల ఆ పేజీ మంచిగనే ఉండె, దాన్నే చదివి అంత మంచిగుందని రాసిండ్రు. గడ్డలు రాకుండ కాపాడే ఆ జన్యువు నిండ ఆలూలే. రెండు ఆలూలు ఒకదాన్నొకటి అనుకొని నడుమది పోయిందేమో, చూద్దాం."

తన పరీక్ష తనే రాసుకుంది. అనుమానమున్న చోటుకు రెండు పక్కలా, బాగా దూరంగా, ప్రైమర్లు. మధ్యది ఉంటే దూరం ఎక్కువ కాబట్టి నకలు కాదు, గీత రాదు. మధ్యది పోయి ఉంటే ఆ రెండు కొసలూ దగ్గరవుతాయి, చిన్న గీత వస్తుంది. గీత వస్తే చెడ్డకబురు. తలకు స్కార్ఫు కట్టుకుని ల్యాబ్‌కు వచ్చి, స్టూలు మీద కూర్చుని, తన డీఎన్ఏ తనే జెల్‌లో పోసుకుంది. మమ్మల్ని ముట్టనివ్వలేదు. ఫొటో వచ్చింది. అది మేడం జెల్. ఎన్నో ఏళ్ళ తర్వాత నేను మళ్ళీ చెయ్యి చాచాను. ఈ ఒక్కసారి నాకే ఇస్తుంది అనుకున్నాను. ఇంకెవరికిస్తుంది?

"నస్రీన్, నువ్వు చూడు," అంది మేడం.

నస్రీన్ ఫొటోను కిటికీ దగ్గరకు తీసుకుపోయింది. చాలాసేపు చూసింది. "ఉన్నది మేడం. చిన్న గీత ఉన్నది."

నేను ఫొటో లాక్కున్నాను. ఒట్టేసి చెబుతున్నాను, అక్కడ నాకు గీత కనిపించలేదు. పొగలాంటి మరకొకటి కనిపించింది, అంతే. "ఇది గీతనా? మసక! నీ కండ్లు పోయినయా?" అని నస్రీన్ మీద అరిచాను. మేడం ప్రశాంతంగా, "మల్ల పెడ్దాం తియ్," అంది. రెండోసారి గీత ఎంత బలంగా వచ్చిందంటే, అవతలి గోడ దగ్గర నిలబడ్డా కనిపించింది. నిర్మల్ నుంచి అక్క బిడ్డ వచ్చింది. ఆమెకూ అదే గీత. గడ్డ ఇంకా చెయ్యికి కూడా తగలనంత చిన్నగా ఉన్నప్పుడే డాక్టర్లు పట్టుకున్నారు. ఇప్పుడు బాగుంది. మేడంకు మాత్రం జబ్బు తిరగబెట్టింది.

చివరి రోజుల్లో ఆమె మంచం పక్కన కూర్చుని సంత్రాలు ఒలిచి పెడుతుండేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆపుకోలేక అడిగేశాను.

"మేడం, నస్రీన్ వచ్చినంక మీ జెల్ నాకెన్నడు ఇయ్యలే. ఆఖర్కి మొన్నటిది సుత. ఎందుకు?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్నవా గిది?"

"పెట్టుకున్న."

"నా జెల్ చేతికియ్యంగనె నువ్వేం జేస్తవో ఎర్కేనా నీకు? ముందుగల్ల నా మొహం చూస్తవు. నాకేం కావాల్నో చూసుకొని అటెన్క జెల్ చూస్తవు. నేను నవ్వితె గీత కనవడ్తది నీకు, నేను నారాజ్ ఐతె కనవడది. రెండేండ్లు చూసిన."

"మరి నస్రీన్?"

"నస్రీన్‌కు నా కుర్చీ కావాలె. నీకు నేను కావాలె," అంది మేడం. "ఎవలకియ్యాలె, నువ్వే చెప్పు?"

నేను ఇంకో పండు ఒలిచాను. సంత్రా తొన నోట్లో పెడితే మెల్లగా నమిలింది. నా చెయ్యి పట్టుకుని అలాగే నిద్రపోయింది.

ఆ కుర్చీ నస్రీన్‌కే వచ్చింది. బాగా నడుపుతోంది, నాకు ఒళ్ళు మండేంత బాగా. నేనేమో ఆమె పుట్టిన ఊరికి వచ్చి ఈ ల్యాబ్ చూసుకుంటున్నాను. నా పిల్లలకు కూడా ఎవరి జెల్ వాళ్ళను చదవనివ్వను, నాకు అణకువగా ఉండే పిల్లకు నా జెల్ ఇవ్వను. అనుమానమున్న ఫొటో ఏదైనా ఫోన్‌లో నస్రీన్‌కే పంపుతాను. నా తప్పు దొరికిన రోజు ఆమె గొంతులో పండగ వినిపిస్తుంది. ఆమె తప్పు దొరికిన రోజు నేను స్వీట్లు తెప్పిస్తాను. కుళ్ళుతో పని చేయించుకోవడం ఇద్దరికీ బాగా వచ్చింది.

మేడం మాటలో తప్పు లేదని నాకు తెలుసు. ఆరోజు ఆ ఫొటో నా చేతికొచ్చి ఉంటే లేదనే చదివేదాన్ని. అది విని మేడం నవ్వి ఉండేదేమో, కానీ నిర్మల్‌లో ఆ పిల్ల గడ్డ వేళకు దొరికేది కాదు. అంతా తెలుసు. తెలిసి కూడా, ఇన్నేళ్ళయినా, నస్రీన్ గొంతు వినగానే లోపల ఒకటే మాట మండుతుంది. తప్పు చదివినా సరే, నాకివ్వాల్సింది.